పాన్‌గల్ మిట్ట మీద గాలి, బాలమణి కందులు

పవన విద్యుత్తుపై ప్రభుత్వ విధాన పత్రాన్ని తెలుగులోకి మార్చే పని రెండు నెలలు చేశాను. ‘పవన సంపద’ అని ఎన్నోసార్లు రాశాను గానీ, ఆ గాలి ఎలా ఉంటుందో తెలియదు. అందుకే పని పూర్తి చేసి ఇచ్చిన మరుసటి ఆదివారం, ఆషాఢంలో, హైదరాబాద్‌లో పొద్దున ఐదున్నర బస్సెక్కాను. తొమ్మిదిన్నరకు వనపర్తి. అక్కడ ఇడ్లీ తిని పాన్‌గల్ బస్సు పట్టుకుని, దిగాక మిట్ట దాకా రెండు వందలకు ఆటో మాట్లాడుకున్నాను.

దారి పొడవునా గడ్డి పడుకుని లేస్తోంది. మేఘాల నీడలు ఎర్రమట్టి మీదుగా జారిపోతుంటే ఆటో కదులుతోందో, నేలే కదులుతోందో తెలియలేదు. ఎందుకొచ్చానో చెబితే డ్రైవర్ అంజి, గాలిమర పెట్టడానికి కంపెనీ అడుగుతున్న భూమి తన చిన్నమ్మదేనని చెప్పి నేరుగా ఆమె దగ్గరికే తీసుకెళ్లాడు.

బాలమణి మిట్ట మీది కంది చేనులో కలుపు తీస్తోంది. జొన్నరొట్టె, చింతకాయ తొక్కు పెట్టి, సంచిలోంచి కౌలు ఒప్పందం తీసింది. మర్నాడు కంపెనీ మధ్యవర్తి వేలిముద్రకు వస్తాడట, చదివి చెప్పమంది. ‘ఆనుషంగిక వినియోగ హక్కులు’ లాంటి మాటలు, అచ్చం నేను రాసేలాంటివే. చదువుతుంటే ఆమె చివరిదాకా వింది.

“గాలి తీస్కపోతే తీస్కపోనీ బిడ్డా. గీ కాయితంల నా కందులేడున్నయ్?”

వెతికాను. లేవు. మర చుట్టూ సాగు చేసుకోవచ్చని విధాన పత్రంలో నా చేత్తోనే రాశాను. ఒప్పందంలో ఆ ముక్క లేదు. అదే చెప్పాను. ఆమె అంజితో మధ్యవర్తికి ఫోన్ చేయించింది. అందరూ వేలిముద్ర వేశారని, సాగు సంగతి తర్వాత చూద్దామని ఆయన నచ్చజెప్పబోయాడు.

“నా కందుల ముచ్చట రాస్కరా. గప్పుడు ఏలుముద్ర ఏస్త” అంది, గొంతు పెంచకుండానే.

కాసేపటికి ఆయన, ఏం రాయాలో పంపమన్నాడు. రాయడం నా వంతైంది. మొదటి రెండు వాక్యాలు ఆమెకు అర్థం కాలేదు, కొట్టేశాను. మూడోది నిలిచింది: ‘మర చుట్టూ ఉన్న భూమిలో బాలమణి ఎప్పటిలాగే పంట పండించుకుంటుంది.’ అంజి దాన్ని ఫొటో తీసి పంపాడు.

నాలుగున్నరకు తిరుగు బస్సు. కిటికీలోంచి వస్తున్న గాలికి సగం నిద్రలో, ఇంకా లేని మర రెక్కలు మెల్లగా తిరుగుతున్నట్టు, వాటి నీడలు కంది మొక్కల మీదుగా సాగిపోతున్నట్టు అనిపించింది. వారం తర్వాత అంజి ఫోన్ చేశాడు. వాక్యం చేర్చారట, చిన్నమ్మ వేలిముద్ర వేసిందట. రెండు నెలల పనిలో రాసిన పేజీలన్నిటికన్నా ఆ ఒక్క వాక్యమే నాకు కష్టమైంది. ఇష్టమైందీ అదే.

మీరు వెళ్తే తలకు గుడ్డ కట్టుకోండి. మధ్యాహ్నం దాటాక మిట్ట మీద గాలికి మాట వినిపించదు. అడగాల్సినవి కిందనే అడిగేయండి.