ఎలుకకు పత్యం

మా అత్తకు ఎలుకలంటే పరమ అసహ్యం. చోళ్ళ బస్తాకు, అదే రాగుల బస్తాకు, కన్నం పెట్టిన ఎలుకను చీపురుతో వెంటాడి, గుమ్మం దాటకముందే పని పట్టిన మనిషి ఆవిడ. అలాంటి ఇంట్లోకి మా ఆయన ఒక శనివారం సాయంత్రం అట్టపెట్టెలో తెల్ల ఎలుకను పెట్టుకుని వచ్చాడు. ఆయనది మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, అరసవల్లిలో మా అద్దె ఇంటికి వారానికోసారి వచ్చేవాడు. కూతురు అడిగింది కుక్కపిల్లను. కుక్కలు కుదరవని ఇంటి యజమాని చెప్పేసరికి, ఊళ్ళో రంగు చేపలు అమ్మే కొట్టుకు వెళ్ళి దీన్ని తెచ్చి పిల్ల చేతిలో పెట్టాడు. మర్నాడు డ్యూటీకి చక్కా పోయాడు. అత్త, పిల్ల, నేను, ఎలుక మిగిలాం.

కొన్నాళ్ళు తిరక్కుండానే అత్త పార్టీ మార్చేసింది. పిల్ల బడికి వెళ్ళగానే పెట్టె ముందు చతికిలబడి, ఒక్కో చోడి గింజా అందించేది. దానితో కష్టసుఖాలు చెప్పుకునేది. నేను చూశానని తెలిస్తే మాత్రం, ఛీ కంపు అంటూ లేచిపోయేది. నాకు నవ్వొచ్చేది గానీ, నవ్వితే ఆ గింజలు కూడా మానేస్తుందని ఊరుకునేదాన్ని.

అది మాఘమాసం. ఒక శుక్రవారం సాయంత్రం పిల్ల తను తింటున్న పకోడీలో సగం ఎలుకకు పెట్టింది. మర్నాడు పొద్దున పెట్టె తెరిచి, వంటింట్లో ఉన్న నా కొంగు పట్టుకు లాగింది. వెళ్ళి చూస్తే ఎలుక మూలకు చేరి ముడుచుకుపోయి ఉంది. బొచ్చంతా రేగిపోయింది. అడుగున పరిచిన కాగితాలు విరేచనాలతో తడిసి కంపు కొడుతున్నాయి. వేలు దగ్గర పెడితే వాసన కూడా చూడలేదు. గింజ కనిపిస్తే ఎగిరి అందుకునే ప్రాణి అది.

అత్త వచ్చి వంగి చూసింది. అరగలేదు, పత్యం పెట్టాలి అని తేల్చేసింది.

అత్త పత్యం గురించి చెప్పాలి. జ్వరమైనా, కడుపునొప్పి అయినా, ఇంకేదైనా సరే, ఆవిడ లెక్కలో మొదట తిండి ఆగాలి. ఆ తరవాత వాము వేసి కాచిన నీళ్ళు. రోగం పూర్తిగా పోయిందని ఆవిడకు నమ్మకం కుదిరాకే గంజి. తన పిల్లలందరినీ అలాగే పెంచింది. మా వీధిలో ఎవరింట్లో పురుడొచ్చినా, బాలింతకు ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో ఈవిడనే అడిగి వెళ్ళేవాళ్ళు.

నాకూ ఆవిడే పెట్టింది. మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. పుట్టింట్లో చేసేవాళ్ళు లేక పురుడు అత్తింట్లోనే జరిగింది. పూటకు గుప్పెడు పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం. మంచినీళ్ళు గొంతు తడిసేంత. పక్కింట్లో పప్పు తాలింపు వేస్తే నాకు కళ్ళనీళ్ళు తిరిగేవి. పిల్ల పాలు చాలక ఏడుస్తుంటే దానితో పాటు నేనూ ఏడ్చేదాన్ని. ఒకరోజు సిగ్గు విడిచి, ఇంకొంచెం అన్నం పెట్టమని అడిగాను. బాలింత నోరు కట్టుకోవాలని చెప్పి కంచం తీసుకుపోయింది. ఆ తరవాత ఆ ఇంట్లో నేను ఇంకొంచెం పెట్టమని ఎప్పుడూ అడగలేదు. కావలిస్తే లేచి వడ్డించుకుంటాను, అంతే.

అందుకని, ఎలుకకు పత్యం అనగానే నాకు ఒళ్ళు మండింది. ఇంత చిన్న ప్రాణానికి పత్యమేమిటి అన్నాను. పసిగుడ్లకు పెట్టలేదా, వాళ్ళు బతకలేదా అని ఆవిడ. నా దగ్గర ఉన్నది కోపం ఒక్కటే. ఎలుకల వైద్యం నాకేం తెలుసు? పైగా నాకు స్కూలుకి వేళ మించిపోతోంది. పిల్లలకు పాఠం చెప్పే ఉద్యోగం, నేనే ఆలస్యంగా వెళ్తే ఏం బాగుంటుంది. మా ఆయనకు ఫోన్ చేస్తే, ఈ వారం రావడం కుదరదు, అమ్మ చెప్పినట్టు చెయ్యమన్నాడు. ఆవిడకు విడిగా ఫోన్ చేసి, కోడలు చెప్పినట్టు చెయ్యమన్నాడని తరవాత తెలిసింది. పిల్ల మాత్రం బడికి వెళ్ళనని మొండికేసింది. నేను ఆటో ఎక్కాను.

సాయంత్రం వచ్చేసరికి అత్త గుమ్మంలో ఎండపొడ పడేచోట కూర్చుని ఉంది. ఒళ్ళో పాత పంచె ముక్క, అందులో ఎలుక. పెట్టె కడిగి ఆరబెట్టింది. గింజన్నది లేకుండా తీసేసింది. వాము నీళ్ళు చుక్కలుగా నాకించానని, విరేచనాలు కట్టేశాయని, గెలిచినదానిలా చెప్పింది. నిజమే, గుడ్డ పొడిగా ఉంది. కానీ తోక ముట్టుకుంటే చల్లగా తగిలింది. పొద్దున ముడుచుకుని కూర్చున్నది ఇప్పుడు కూర్చోలేక ఒరిగిపోతోంది.

పిల్ల పొద్దుటి నుంచి ఏమీ తినలేదట. ఎలుక తిన్నాక తింటానంది. దాంతో పాటు దీనికీ పత్యమేనని అత్త వేళాకోళం ఆడింది గానీ, పిల్ల పెదాలు ఎండిపోయి ఉన్నాయి. తిట్టాను, బతిమాలాను, చివరికి ఒక గ్లాసు పాలు తాగించగలిగాను. పిల్ల ఏడుపు చూసి ఉండబట్టలేక, అత్త అటు తిరిగినప్పుడు రెండు అన్నం మెతుకులు మెత్తగా నలిపి ఎలుక మూతి దగ్గర పెట్టబోయాను. అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడెడితే సచ్చిపోతాది. నీ సేతుల్తో సంపుకుంటావేటి?"

పిల్ల వింటోంది. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. నేను పెట్టాక అది పోతే, అమ్మే చంపిందని పిల్ల జీవితాంతం అనుకుంటుంది. అత్త మాటే నిజమైతే? ఆవిడ ఎందరు పిల్లల్ని చూసిన మనిషి! నేను మెతుకులు కాకులకు వేసి వచ్చాను.

ఆదివారం పొద్దునకు ఎలుక పక్కకు పడుకుని ఉంది. కళ్ళు దగ్గరగా పెట్టి చూస్తే తప్ప ఊపిరి తెలియడం లేదు. పిల్ల ఏడవడం మానేసి దాన్నే చూస్తోంది, అది నన్ను ఇంకా భయపెట్టింది. ఇక ఆగలేదు. ఎలుకను గుడ్డతో సహా పెట్టెలో పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరాను. పశువుల డాక్టరు ఎలుకకేం చేస్తాడని అత్త గుమ్మంలో నిలబడి సణిగింది. సణుగుతూనే తన ఉన్ని శాలువా తీసి పెట్టె మీద కప్పింది.

ఆదివారం కాబట్టి నేరుగా డాక్టరు ఇంటికే వెళ్ళాం. ఆవులకూ గేదెలకూ ఇంజెక్షన్లు చేసే పెద్దమనిషి. లుంగీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. పెట్టెలో ఉన్నదేమిటో చూసి నవ్వబోయి, పిల్ల మొహం చూసి ఊరుకున్నాడు. ఎలుకను అరచేతిలో వేసుకుని కడుపు నొక్కాడు, చర్మం లాగి చూశాడు. ఏం తింటోందని అడిగాడు. నిన్నటి నుంచి ఏమీ పెట్టలేదని, పత్యమని చెప్పాను.

"కడుపు బాగానే ఉన్నాదమ్మా," అన్నాడాయన. "ఇప్పుడిది ఆకలితో పోతన్నాది."

ఆవు ఒక పూట మేత మానేస్తే ఏమీ కాదట. ఇంత చిన్న ప్రాణికి ఒంట్లో దాచుకునే చోటెక్కడిది, రోజంతా తింటూ ఉంటేనే ఒళ్ళు వేడిగా ఉంటుందట. పంచదార నీళ్ళు వేలితో దాని మూతికి రాశాడు. నాలుక కదల్లేదు. ముందు వెచ్చబెట్టి, తరవాత పల్చటి జావ చుక్క చుక్కగా పట్టించమన్నాడు. ముక్కులోకి పోతే అదే ఆఖరని కూడా చెప్పాడు. బతుకుతుందా అని పిల్ల అడిగితే, ఇంటికి తొందరగా తీసుకెళ్ళమన్నాడు.

తొందరగా ఎలా వెళ్ళడం! మాఘమాసం ఆదివారం, అరసవల్లి జనంతో కిటకిటలాడుతోంది. సూర్యనారాయణుడి గుడికి చాలా దూరంలోనే ఆటోలు ఆపేశారు. దిగి, పెట్టెను గుండెకు అదుముకుని, జనంలో పడ్డాం. రోడ్డు పక్కన ఆడవాళ్ళు పిడకల మీద గిన్నెలు పెట్టి సూర్యుడికి పరమాన్నం వండుతున్నారు. ఎటు చూసినా పాలు, బియ్యం, బెల్లం. ఇంత తిండి మధ్య నుంచి ఆకలితో చచ్చిపోతున్న ప్రాణిని మోసుకుపోతున్నాను. నాకు అందరి మీదా కోపం వచ్చింది. దారివ్వమని అరిచాను. ఒకామె తిట్టింది కూడాను. అంతలో ఎవరి గిన్నెలోనో పాలు పొంగి నిప్పుల మీద పడ్డాయి. పెట్టెలోకి తొంగిచూస్తూ నడుస్తున్న పిల్ల ఆగిపోయింది.

"అమ్మా, ముక్కు కదిపింది."

చీర కుచ్చిళ్ళు పైకెత్తి పరుగు తీశాను. మా స్కూలు పిల్లలెవరైనా చూశారేమో, చూడనీ.

అత్త వీధిలోకే ఎదురొచ్చింది. నాకు కోపమొస్తే నోట బడి భాష ఉండదు.

"జబ్బుతో కాదత్తా, ఆకలితో సచ్చిపోతన్నాది. మనం మాడ్సి సంపేస్తన్నాం."

వీధి వీధంతా విన్నది. తిరిగి నాలుగు దులుపుతుందని కాచుకున్నాను. ఆవిడ పెట్టెలోకి చూసి లోపలికి వెళ్ళిపోయింది. అలిగిందనుకున్నాను. పళ్ళు కొరుకుతూ వెనకాలే వెళ్తే, పొయ్యి దగ్గర చోడి అంబలిలో వేడినీళ్ళు పోసి పల్చగా కలుపుతోంది. ఉగ్గుగిన్నెలో పోసింది. దూదితో సన్నటి వత్తి చేసింది. ఎలుకను నా చేతుల్లోంచి తీసుకుని, శాలువాలో చుట్టి, ముందు తన గుండెకు ఆనించుకుని కూర్చుంది. నేనూ పిల్లా ఎదురుగా కూర్చున్నాం. ఆవిడ దాన్ని తడిమి చూస్తోంది, ఇంకా ఆగమన్నట్టు చెయ్యి చూపిస్తోంది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

తోక వెచ్చబడ్డాక వత్తి ముంచి దాని పెదవికి తాకించింది. అంబలి గడ్డం మీదుగా కారిపోయింది. తుడిచింది. మళ్ళీ తాకించింది. మళ్ళీ కారిపోయింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆవిడ ఇలాగే పాలు పట్టించేదని విన్నాను గానీ చూడలేదు. సూదిలో దారం ఎక్కించడానికి వణికే చేతులు ఇప్పుడు వణకడం లేదు. మింగు తల్లీ, మింగు అని గొంతు లోపలే అంటోంది. పిల్ల నా చేతిని గోళ్ళు దిగేలా పట్టుకుంది. ఎన్నిసార్లు తుడిచిందో, ఒకసారి చుక్క కారలేదు. గులాబీ రంగు నాలుక కొస బయటికి వచ్చి వత్తిని తాకింది. గొంతు కదిలింది.

ఇంకా చాలాసేపటికి అది రెండు చేతులతో వత్తిని పట్టుకుని తనవైపు లాక్కుంది. పిల్ల ఏడుస్తూ నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్లకు అన్నం కలిపి పెడితే గబగబా తినేసి మళ్ళీ వచ్చి కూర్చుంది. అత్త మాత్రం నవ్వలేదు. ఎలుక వత్తిని లాగుతూ ఉంటే దాన్నే చూస్తూ ఉంది.

"ఎంత ఆకలేసిందో దీనికి," అంది. "నోరు నేదు, అడగనేదు."

వత్తిని మళ్ళీ అంబలిలో ముంచి, తల ఎత్తకుండానే అంది.

"నువ్వు అడిగావు. అప్పుడు నీకూ ఇలాగే ఆకలేసిందేటి?"

పదేళ్ళుగా ఈ మాట కోసమే ఎదురుచూసినట్టు, చెప్పాల్సినవన్నీ నోటిదాకా వచ్చాయి. పక్కింటి తాలింపు, చాలని పాలు, తీసుకుపోయిన కంచం. ఆవిడ ముడతల వేళ్ళ మధ్య ఎలుక అంబలి తాగుతోంది. అవన్నీ చెప్పలేకపోయాను.

"ఏసింది అత్తా. సానా ఏసింది."

అత్త ఎలుకను పిల్ల చేతిలో పెట్టి, వత్తి ఎలా పట్టుకోవాలో చూపించి, వంటింట్లోకి వెళ్ళింది. కంచంలో అన్నం, పప్పు, పైన నెయ్యి వేసి తెచ్చింది. రెండోసారి వెళ్ళి గుడ్డు వేపి తెచ్చింది. పొద్దుటి నుంచి నేనూ ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది. ఆవిడ నా ఎదురుగా పీట వేసుకుని, అన్నం గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుంది. నేను తింటున్నంతసేపూ కదల్లేదు. కంచం ఖాళీ అవుతుండగా గరిటె పైకెత్తింది.

"ఇంకొంచెం ఎట్టనా?"

నేను కంచం ముందుకు జరిపాను.