కాటుక మీసాల రీబె కాపలాదారు

ఆ రోజుల్లో నాకు డెన్మార్క్ అంటే తెలిసిందల్లా ఒక గుండ్రటి నీలం బిస్కెట్ డబ్బా. కువైట్ నుంచి మా మేనత్త తెచ్చింది. నాకు ఊహ తెలిసేనాటికే బిస్కెట్లు అయిపోయాయి, డబ్బాలో సూదులూ దారపు ఉండలూ ఉండేవి. బాపట్ల దాటితే చీరాల, చీరాల దాటితే అయోమయం అన్నట్టు పెరిగినదాన్ని. అలాంటి నేను ఈవేళ కళ్ళు మూసుకుని, డెన్మార్క్‌లో రీబె అనే ఊళ్ళో రైల్వే స్టేషన్ నుంచి పెద్ద చర్చి దాకా మిమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళగలను. అయితే ఆ ఊరికి నేనెప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి కారణం, దాని గురించి నేను మరీ బాగా చెప్పడమే. నవ్వుకోండి, నవ్వుకోడానికే రాస్తున్నాను. కానీ నవ్వాక కొంచెం కోపం కూడా తెచ్చుకోండి, నాకైతే ఇంకా చల్లారలేదు.

అప్పుడు నేను న్యూజిలాండ్‌లో, పామర్‌స్టన్ నార్త్‌లో ఏదో మేనేజ్‌మెంట్ డిప్లొమా వెలగబెడుతూ, ముగ్గురు తెలుగమ్మాయిలతో ఒక ఫ్లాట్‌లో ఉంటూ, మిగతా టైమంతా ఒక వృద్ధాశ్రమంలో కేర్‌గివర్‌గా చేసేదాన్ని. (మా అమ్మకి మాత్రం 'హాస్పిటల్ లాంటిది' అని చెప్పాను. చర్చిలో ఆవిడ ఆ 'లాంటిది' తీసేసి చెప్పుకుంది.) అక్కడ అందరినీ పేరు పెట్టి పిలవాలి, అది రూలు. ఎనభై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవమంటే నాకు నోరు రాలేదు. అంకుల్ అంటే, "నేను నీకెవరి తరఫు అంకుల్‌ని?" అని నిలదీశాడు ఒక పొడుగాటి ముసలాయన. చివరికి ఆయనకి 'తాత' అనే మాట నేర్పించాను. అది ఆయనకి బాగా నచ్చింది. ఎంతలా అంటే, నేను మర్చిపోయి ఇంకేదైనా పిలిస్తే పలికేవాడు కాదు. ఆ తాతది రీబె. కుర్రతనంలో ఆవుల పాలు పితికే పనికని ఓడెక్కి న్యూజిలాండ్ వచ్చి, పెళ్ళీ పిల్లా పొలమూ అన్నీ ఇక్కడే అయిపోయి, ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళలేకపోయాడు. ఆవుల్ని ఎవరికి వదిలి వెళ్తాడు మరి!

ఆయనకో కూతురు, న్యూజిలాండ్‌లోనే ఆల్బనీ అనే చోట ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం. ఆశ్రమంలో మేమందరం ఆవిణ్ణి ఆల్బనీ ఆవిడ అనేవాళ్ళం. చెడ్డది కాదు, అదే నా బాధ. చెడ్డదైతే హాయిగా తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఒకరోజు వచ్చి, "డాడ్, వచ్చే జూన్‌లో నిన్ను రీబె తీసుకెళ్తాను" అంది. నావైపు తిరిగి, "ఆయనకి తోడు ఒక కేర్‌గివర్ కావాలి, నువ్వు వస్తావా?" అంది. వస్తానా అని అడుగుతారా ఎవరైనా! ఆ సాయంత్రం ఫ్లాట్‌లో నేను వేసిన గంతులకి కింద ఇంటాయన పైకొచ్చి తలుపు కొట్టాడు.

మర్నాటి నుంచి మొదలైంది నా చదువు. స్టేషన్‌లో దిగాక ఎటు తిరగాలి? వాగు మీద వంతెన ఎక్కడ? అన్నం తినిపిస్తుంటే ప్రశ్నలు, మేజోళ్ళు తొడుగుతుంటే ప్రశ్నలు. "దారి తప్పించావంటే ఊరుకోను అమ్మాయ్, నాకు అక్కడ టైము తక్కువ" అనేవాడు. డెన్మార్క్ మొత్తంలో అన్నిటికన్నా పాత ఊరట అది. వైకింగులు కట్టారని చెప్పగానే నేను తెలివి చూపించబోయి, "ఓహో, ఆ దోపిడీ చేసేవాళ్ళా" అన్నాను. తాత కళ్ళెర్రజేశాడు. "మా ఊళ్ళో దువ్వెనలమ్మారు, గాజుపూసలమ్మారు! వాగు ఒడ్డున సంత పెట్టారు!" అని, నేనేదో వాళ్ళ సొంత మేనమామని దొంగ అన్నట్టు ఆ పూటంతా మాట్లాడలేదు. చుట్టూ వీధులు వందల ఏళ్ళుగా ఎత్తు పెరిగిపోతే పెద్ద చర్చి మాత్రం కిందే ఉండిపోయిందట, గుళ్ళోకి మెట్లెక్కాలి గానీ ఇక్కడ మెట్లు దిగాలి. పడమర నుంచి సముద్రం పొంగి ఎన్నిసార్లు ఊళ్ళోకొచ్చిందో, ఎంత ఎత్తుకొచ్చిందో వాగు ఒడ్డున ఒక స్తంభానికి లోహపు కట్లు వేసి గుర్తు పెట్టారట. అన్నిటికన్నా పై కట్టు కింద నిలబడితే తాతంత మనిషి కూడా మునిగిపోతాడట. ఇదంతా నేను బట్టీ పట్టాను. నా కాలేజీ పరీక్షలో మార్కెటింగ్ గురించి రాయమంటే వైకింగుల దువ్వెనల సంత గురించి రాసి తప్పాను. (ఆ జవాబు ఇప్పటికీ కరెక్టే అంటాను నేను.)

తాత అక్కడ చూడాలనుకున్నవి రెండే. ఒకటి, ఆ చర్చి మెట్లు తన కాళ్ళతో దిగడం. రాళ్ళ వీధుల్లో వీల్‌చెయిర్ సరిగ్గా కదలదని, వాకర్ పట్టుకుని మా కారిడార్‌లో రోజూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాడు. రెండోది, ఆ స్తంభం పక్కన నిలబడి పడమటి గాలి మొహానికి తగిలించుకోవడం. "ఆ గాలిలో ఉప్పుంటుంది. పెదాలు నాకితే తెలుస్తుంది" అనేవాడు. మా వంటగదిలో బీపీ ఉన్నవాళ్ళకి ఉప్పు నిషేధం, పాపం చప్పిడి కూడు తినీ తినీ ఉన్నాడు. ఉప్పు మాట ఎత్తితే చాలు, ఆయన మొహం వెలిగిపోయేది.

ఏప్రిల్ వచ్చింది, మే వచ్చింది, ఆల్బనీ ఆవిడ టిక్కెట్ల మాట ఎత్తదు. ఫోన్ చేస్తే బిజీ. అప్పుడే మా ఆటల ఆంటీ (ముసలివాళ్ళ చేత పాటలూ ఆటలూ ఆడించే ఉద్యోగం ఆవిడది) కుర్చీ యాత్ర అని ఒకటి మొదలుపెట్టింది. వారానికో ఊరు. హాలుని ఆ ఊరిలా అలంకరించి, ఆ ఊరి తిండి పెట్టి, ఆ ఊరి వేషాలు వేసి, కూర్చున్న చోటే అందరికీ ఊరు చూపించేయడం. తాత నన్ను పక్కకి పిలిచాడు. "రీబె వేయిద్దాం. మా అమ్మాయిని పిలుద్దాం. పుట్టి బుద్ధెరిగి చూడలేదు కదా, చూస్తే ఆశ పుడుతుంది. అప్పుడు టిక్కెట్లు తనే కొంటుంది." అదీ ప్లాను. నేను చెప్పాను, "తాతా, చూస్తూ ఉండండి, ఆవిడకి నోరూరిపోవాలి" అని. నా నోటికి అప్పుడే ఏదైనా అడ్డం పడి ఉంటే ఎంత బాగుండేది!

రీబెలో సాయంత్రమైతే ఒక కాపలాదారు బయల్దేరతాడు. పొడుగాటి కోటు, చేతిలో లాంతరు, ఇంకో చేతిలో ముళ్ళగద, పాట పాడుకుంటూ వీధి వీధీ తిరుగుతాడు. పూర్వం నిప్పుకీ దొంగలకీ కాపలా, ఇప్పుడు చూడొచ్చినవాళ్ళ కోసం. ఆ వేషం నాకిచ్చారు. హాలు కర్టెన్ కోటయింది, నేల తుడిచే కర్ర గదయింది, మీసాలు నా కాటుకతో నేనే దిద్దుకున్నాను. ఆ పాట తాత నేర్పించాడు, వారం రోజులు సాధన చేశాను. తీరా ఆ మధ్యాహ్నం కర్టెన్లన్నీ లాగి చీకటి చేశారు, ఆల్బనీ ఆవిడ ముందు వరసలో కూర్చుంది, ఆటల ఆంటీ నా చేతికి లాంతరిచ్చింది. అంతే, ఆ డేనిష్ పాట నా బుర్రలోంచి ఎగిరిపోయింది.

మీలో చర్చి ఊళ్ళవాళ్ళుంటే మీకు తెలుస్తుంది. డిసెంబర్‌లో చేతికి లాంతరిచ్చి వీధిలోకి తోస్తే మాకొచ్చే పని ఒక్కటే, క్రిస్మస్ పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే కేరల్స్ రౌండ్స్! నేను మా పేటలో వరసగా కొన్నేళ్ళు క్రిస్మస్ తాతని, పొడుగున్నానని ఆ ముసుగు నాకే తగిలించేవారు. నోట్లోంచి తెలుగు పాట తన్నుకొచ్చింది, కాళ్ళు వాటంతటవే స్టెప్పులేశాయి. అక్కడితో ఆగానా? కేరల్స్ అంటే తలుపు కొట్టాలి కదా. కారిడార్‌లోకి వెళ్ళి ఒక్కో గది తలుపూ దబదబా బాదుతూ, "రండి రండి" అని అరుస్తూ పోయాను. గదిలోంచి ఎప్పుడూ కదలని ఒక మామ్మ చప్పట్లు కొడుతూ బయటికొచ్చింది. ఇంకొకాయన, ఎవరికో పండగనుకుని కాబోలు, నా జేబులో బిస్కెట్ పెట్టాడు. వాకర్లూ వీల్‌చెయిర్లూ అన్నీ నా వెనక ఊరేగింపుగా హాల్లోకొచ్చాయి. అక్కడ సంతా చర్చీ స్తంభమూ, మునిగిన ఊరూ, ఇళ్ళ కప్పుల మీద గూళ్ళు కట్టిన కొంగలూ, ఏదీ వదలకుండా చెప్పాను. చెమటకి మీసం సగం చెరిగి చెంపకెక్కింది. ఆల్బనీ ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతూ, ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో, కారిడార్‌లోకి కూడా నా వెనకే వచ్చి, మొత్తం వీడియో తీసింది.

తాత మాత్రం నన్ను దగ్గరికి పిలిచి మెల్లిగా అన్నాడు. "కాపలాదారు తలుపులు కొట్టడు అమ్మాయ్. జనం లేవడానికి కాదు, నిశ్చింతగా పడుకోవడానికి పాడతాడు." అని నవ్వి, కూతురివైపు చూసి నాకు కన్నుగీటాడు. పారింది మన పాచిక, అని ఆ కన్నుగీటుకి అర్థం.

ఆవిడ లేచొచ్చి తండ్రిని గట్టిగా కావలించుకుంది. "డాడ్! ఇన్నేళ్ళూ నువ్వు చెబుతుంటే నాకేమీ అర్థం కాలేదు. ఇవాళ అర్థమైంది. ఎంత బాగుందో!" అంది. తాత తల పైకెత్తాడు. ఆవిడ నా చేతులు రెండూ పట్టుకుంది. "నీకెలా థాంక్స్ చెప్పాలో తెలీదు. ఈ వయసులో అంతదూరం విమానంలో ఆయన్ని ఎలా తీసుకెళ్ళనా అని నెలల తరబడి నిద్ర లేదు నాకు. ఇప్పుడింక ఆ అవసరమే లేదు. నువ్వు రీబెనే ఇక్కడికి తెచ్చేశావు. డాడ్ వెళ్ళొచ్చేసినట్టే!" అందరూ చప్పట్లు కొట్టారు. ఆటల ఆంటీ అందరికన్నా గట్టిగా కొట్టింది. నేను ఆ వేషంలో, ఆ కర్రతో నిలబడ్డాను. "కాదు మేడమ్, ఇది కర్టెను" అనాలి. అన్లేదు. తాత కూతురి వీపు నిమురుతూ, "అవునమ్మా, చాలా బాగుంది" అన్నాడు. ఎవరికీ కష్టం కలగనివ్వని మంచి మర్యాదస్థుడు లెండి!

ఆవిడ కారెక్కి వెళ్ళాక తాత బయటికి తీసుకెళ్ళమన్నాడు. వాకర్ అడగలేదు, వీల్‌చెయిర్ చాలన్నాడు. పామర్‌స్టన్‌లో గాలికేం కొదవ, కొండల మీద గాలిమరలు గిర్రున తిరుగుతున్నాయి. తోటలో ఆపాను. మొహం గాలికి తిప్పి, కళ్ళు మూసుకుని, పెదాలు తడుపుకున్నాడు. "పడమటి గాలే. ఉప్పు లేదు" అన్నాడు. సముద్రం కారులో అరగంట దూరం, తీసుకెళ్తానని తర్వాత ఆ వారంలోనే ఆశ్రమం వాళ్ళని అడిగితే రిస్క్ అన్నారు. ఆ క్షణం మాత్రం నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఫిష్ అండ్ చిప్స్ కొట్టువాడిచ్చిన ఉప్పు పొట్లం ఒకటి ఉంది. చింపి ఆయన అరచేతిలో పోశాను. వేలితో అద్దుకుని, నాలిక మీద పెట్టుకుని, మళ్ళీ గాలికెదురుగా మొహం పెట్టాడు. కిటికీలోంచి చూసిన వంటావిడ, "ఆయనకి బీపీ!" అని అరుస్తూ వచ్చింది. నాకు ఆరోజు ఒక మెచ్చుకోలూ ఒక హెచ్చరికా రెండూ వచ్చాయి. మెచ్చుకోలు దేనికి ఇచ్చారో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత తాత కారిడార్‌లో నడవడం మానేశాడు. ఎవరడిగినా "ఇంకెక్కడికి వెళ్ళాలి, చూసొచ్చాను కదా" అనేవాడు, చిరునవ్వుతోనే. మరుసటి చలికాలం ఆయన పోయాడు. అంత్యక్రియల్లో ఆల్బనీ ఆవిడ తెర మీద ఏం వేసిందనుకున్నారు? ఆ వీడియోయే. 'డాడ్ చివరి డెన్మార్క్ ప్రయాణం' అని పేరు కూడా పెట్టింది. శవపేటిక పక్కన, గోడంత పెద్దగా, నేను! కాటుక మీసంతో తలుపులు బాదుతున్నాను. జనం నవ్వి, ఏడ్చి, నా చెయ్యి ఊపి ఊపి వదిలారు. నేను మాత్రం ఆ తెర మీద మూలగా కూర్చున్న తాతనే చూశాను. కన్నుగీటుతున్నాడు.

ఇప్పుడు హామిల్టన్‌లో ఉంటున్నాను. నాకూ ఒక కూతురుంది, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే చెబుతుంది. మొన్న నా ఫోన్ కెలుకుతూ ఆ వీడియో చూసి పడీపడీ నవ్వింది. "మమ్మీ, ఇది నువ్వా? ఆ ఊరు నిజంగా వెళ్ళావా?" అంది. లేదే అన్నాను. "వెళ్ళకుండా ఎలా తెలుసు అన్నీ?" అంది. ఫోన్ తీసుకుని నేనూ చూశాను. కర్టెన్ నేల మీద ఈడ్చుకుంటూ, మీసం చెంపకెక్కించుకుని, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి ఆడుతోంది ఆ బాపట్ల పిల్ల. ఎంత బాగా చేస్తోందో పిచ్చిమొహం! చూస్తుంటే ఎంత కోపంలోనైనా నవ్వొచ్చేస్తుంది. చెవి మెలేసి, ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది: కొంచెం చెడగొట్టవే తల్లీ.