మద్దెల లేకుండా ఆట సాగదు

నా చిన్నప్పుడు మా ఊరి బడిలో మిలటరీ క్యాంపు ఉండేది. మొన్న ఇక్కడ అమెరికాలో, నోవైలో మా మనవరాలి హైస్కూల్లో పాటల నాటకం చూసొచ్చాక ఆ రోజులే మనసులో మెదులుతున్నాయి.

ఊరి చుట్టూ ముళ్ళకంచె. పొలానికి వెళ్ళాలన్నా చీటీ కావాలి. పొద్దు గుంకితే తలుపులు మూసుకోవాలి. మా తాతయ్య యక్షగాన మేళంలో మద్దెల వాయించే మామను, అడవిలో ఉన్నవాళ్ళకు అన్నం పెట్టాడని, పట్టుకుపోయి అప్పటికి ఇరవై రోజులైంది. అత్త రోజూ పొద్దున్నే సద్దిమూటతో బడి గేటు దగ్గర నిలబడేది. అలాంటివాడెవడూ ఇక్కడ లేడనేవారు జవాన్లు. పక్క ఊళ్ళో ఇలాగే పట్టుకుపోయి, లేరన్న ఇద్దరూ మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

అంతలో పెద్ద ఆఫీసరు వస్తున్నాడని, ఊరు సంతోషంగా ఉన్నట్టు కనిపించాలని, మధ్యాహ్నం పూట ఆట కట్టమని హుకుం వచ్చింది. తాతయ్య చేతులు కట్టుకుని, మా మద్దెల మనిషి మీ దగ్గరే ఉన్నాడు, అతను లేకుండా ఆట సాగదన్నాడు.

"ఊళ్ళో ఇంకెవడూ లేడా?" అన్నాడు తెలుగు తెలిసిన జవాను.

"ఉన్నారు దొరా. వాళ్ళు వాయిస్తే జనం లేచిపోతారు. తర్వాత నన్ననొద్దు."

మద్దెల తాతయ్యే బ్రహ్మాండంగా వాయిస్తాడు. ఆ మాటే చెప్పబోయాను. ఆయన అరచెయ్యి నా తలమీద బరువుగా పడింది.

మరునాడు ఇద్దరు జవాన్ల మధ్య మామను తెచ్చి కూర్చోబెట్టారు. చిక్కిపోయాడు. వేళ్ళు వాచి దెబ్బ తప్పుతున్నా జనంలో ఒక్కరూ కదల్లేదు. మూడు వైపులా తుపాకులు. అత్త రెప్ప వేయకుండా చూస్తూనే ఉంది. తాతయ్య ఒక్కో పాటా రెండేసి సార్లు పాడించాడు. మంగళానికి ముందు మేళం వాళ్ళను పేరుపేరునా చెప్పడం మా ఆచారం. ఆ రోజు మామ పేరును మాత్రం ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, రాగం తీసి మూడుసార్లు పాడాడు. పెద్ద ఆఫీసరు తలూపి, ఆ పేరేమిటని జవానును అడిగి తెలుసుకున్నాడు కూడా.

ఆట అయిపోగానే మామను మళ్ళీ లోపలికి తీసుకుపోయారు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఊరుకో పిచ్చిదానా. ఇక లేడని అనలేరు," అన్నాడు తాతయ్య.

మర్నాడు గేటు దగ్గర జవాను సద్దిమూట అందుకున్నాడు. వానలు మొదలయ్యాక మామ ఇంటికొచ్చాడు.

అప్పటినుంచి, ఏ రోజుకారోజు నాకు ఎదురైన మనుషుల పేర్లు డైరీలో పూర్తిగా రాసుకోకుండా పడుకోను. నిన్న మంచు తోసే ట్రక్కు మా ఇంటి ముందు ఆగింది. డ్రైవర్ పేరు తెలియదు. శాలువా కప్పుకుని గుమ్మం దిగి వెళ్ళి, రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాను.