మా వదిన చేసిన బిళ్ల

పోయిన నెల నడుం చుట్టూ సర్పి లేచి, జాకెట్టు అంచు తగిలినా ప్రాణం పోతున్నట్టుంటే పంజాగుట్ట డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. వైరస్‌ను అణిచే బిళ్లలు రాసిచ్చారు. మందుల షాపులో ఆ బిళ్లల పేరు చూడగానే మంట సంగతి మరిచిపోయాను. ఆ మందును మన దగ్గర చవగ్గా తయారుచేసే పద్ధతి కనిపెట్టింది మా మేనత్త కూతురు, నాకంటే ఏడాది పెద్దదైన మా వదిన. ఇన్ని మందులుండగా నాకూ ఆవిడ మందే రాయాలా అని ఉడుక్కున్నాను. మీలోనూ వరసైనవాళ్ల మీద ఇలాంటి కుళ్లు ఉన్నవాళ్లుంటే నా బాధ అర్థమవుతుంది.

ఇద్దరం గుంటూరులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో ఒకే గదిలో దిగి, సనత్‌నగర్ అవతల ఓ చిన్న మందుల కంపెనీ ల్యాబులో చేరిన రోజులవి. సందు సందునా కంప్యూటర్ కోర్సుల బోర్డులు, చోటు చాలక మెట్ల మీద కూర్చుని పాఠాలు వినే పిల్లలు, ఎవరిని కదిపినా వీసా మాటే. మేము మాత్రం సాయంత్రం షేర్ ఆటో దిగేసరికి పక్కవాళ్లు ముక్కు మూసుకునేంత రసాయనాల కంపుతో వచ్చేవాళ్లం. హాస్టల్ నడిపే ఆంటీ మంచిదే గానీ, "గీ వాసనకు పక్క రూమోళ్లు అన్నం తినలేకపోతున్నరు, మీ బట్టలు జర మిద్దె మీద ఆరేసుకోండ్రి" అని ఒకరోజు మొహానే చెప్పేసింది. సిగ్గుతో చచ్చిపోయి, ఆ వారమే ఇద్దరం ఓ కంప్యూటర్ కోర్సులో పేర్లిచ్చి, కంపెనీలో మానేస్తామని కూడా చెప్పేశాం.

కోర్సు మొదలయ్యే రోజు పొద్దున్నే వదిన ల్యాబుకు బయల్దేరింది. ముందురోజు పెట్టిన రియాక్షన్ ఇంకా పూర్తి కాలేదట. గంటగంటకూ చుక్క తీసి గాజు పలక మీద పెట్టి, అయోడిన్ సీసాలో ఉంచి, మొదట వేసిన పదార్థం మరక పోయిందో లేదో చూడాలట. అక్కడ ఇంకెవరో చూస్తారు కదా అన్నాను.

"నేను పెట్టినదాన్ని మధ్యలో ఇంకొకరికి ఎలా వదిలేస్తానే? నువ్వెళ్లి నాకూ సీటు ఆపు" అంది.

పక్క కుర్చీలో నా సంచీ పెట్టి వారమంతా ఆపాను. ఆవిడ రానేలేదు.

కోర్సు అయ్యాక నాకు పంజాగుట్టలోనే ప్రోగ్రాములు రాసే ఉద్యోగం దొరికింది. చల్లటి గది, ఆవిడకంటే ఎంతో మంచి జీతం, చుట్టాల్లో గొప్ప పేరు, అన్నీ నావే. అయినా కుళ్లుకున్నదీ నేనే. ఆవిడ పసుపెక్కిన వేళ్లతో వచ్చి, జిగురులా ఉన్నది తెల్లటి పొడిగా విడిందని అన్నం కూడా మరిచి చెబుతుంటే, నా కంప్యూటర్ తెర గురించి చెప్పడానికి నాకేముండేది కనుక? ఆ తర్వాత ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ, ఎయిడ్స్ మందులు, ఆ ల్యాబుకే పెద్ద. పెళ్లిళ్లలో నా పక్కన కూర్చున్నవాళ్లు కూడా లేచి ఆవిడ దగ్గరికే వెళ్లేవారు. చూసి ఓర్వలేక నేను భోజనాల వైపు నడిచేదాన్ని.

నేను మంచాన పడ్డానని తెలిసి వదిన యూసుఫ్‌గూడ నుంచి వచ్చింది. ఎలా ఉన్నావని అడగలేదు మహాతల్లి. బిళ్లల షీటు అటూ ఇటూ తిప్పి చూసి, "మింగుతుంటే గొంతులో పట్టేస్తోందా? చేదు తెలుస్తోందా?" అంది. బిళ్ల పెద్దదైపోయిందన్న దిగులు తనకు ఇన్నేళ్లయినా పోలేదట.

ఏమీ తెలియడం లేదన్నాను. నిజమే, తెలియలేదు, మంట కూడా తగ్గుముఖం పట్టింది. వదిన మొహం వెలిగిపోయింది. నేను షీటు ఆవిడ చేతిలోంచి తీసుకుని తలగడ కింద పెట్టేశాను.

నిన్న డాక్టరుకు చూపించుకుని వస్తూ మెట్రోలోంచి అమీర్‌పేట చూశాను. బోర్డులు అలాగే కిక్కిరిసి ఉన్నాయి గానీ, వాటి మీద నేను నేర్చుకున్న కోర్సు పేరు ఎక్కడా లేదు. అన్నేళ్లు నేను రాసిన ప్రోగ్రాములను ఎప్పుడో తీసేసి కొత్తవి పెట్టుకున్నారు. అవి బాగున్నాయా, ఇబ్బంది పెట్టాయా అని నేనూ ఒకరిని అడుగుదామంటే, వాడుతున్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.