బానెట్ మీది అడ్డగీతలు

ఎనిమిదేళ్ళుగా నాకు వానంటే భయం. పైకి చెబితే నవ్వుతారు. కార్లు కడిగి బతికేవాడు కదా, వానొస్తే బేరాలు పోతాయని భయం కాబోలు అనుకుంటారు. అది కాదు. నేనొక అబద్ధం ఆడాను. ఒక్క మాటే. అది ఎప్పుడు బయటపడుతుందోనని ఎనిమిదేళ్ళుగా లోలోపల వణుకుతూనే ఉన్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఖరగ్‌పూర్‌లో ప్రేమ్ బజార్ వెళ్ళే దారిలో నా షాపు ఉంది. నాకు గుడ్డ పట్టుకోవడం నేర్పింది మా మేనమామ. రైల్వే వర్క్‌షాపులో బోగీలకు రంగులు వేసి రిటైరైన మనిషి. ఆయన వార్నిష్ వేస్తే అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని తోటివాళ్ళు అనేవారు. గుడ్డ ఎప్పుడూ బండి పొడుగునా పోవాలి, అడ్డంగా పోకూడదని చిన్నప్పుడు నా వేళ్ళ మీద కొట్టి మరీ చెప్పారు. రిటైరయ్యాక చెయ్యి ఊరుకోక, ఖరిదా పేటలో బట్టల కొట్టున్న ఒక బెంగాలీ ఆయన (అందరూ దాదా, అంటే అన్న, అని పిలుస్తారు) నల్లకారుని ప్రతి ఆదివారం పొద్దున్నే తుడిచేవారు. డబ్బు కోసం కాదు. కారు తుడిచాక ఆ వీధిలో వాళ్ళు ఆగి చూసేవారు, అది చాలు ఆయనకి.

నేను షాపు పెట్టిన ఏడాది విశ్వకర్మ పూజకి మావయ్యే ఆ దాదాతో చెప్పి కారు నా దగ్గరకు పంపించారు. మావాడు కొత్త పని నేర్చుకున్నాడు, ఒకసారి ఇచ్చి చూడండి అన్నారట. మా ఊళ్ళో విశ్వకర్మ పూజకు ముందు రోజు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. సైకిల్ నుంచి లారీ దాకా ప్రతి బండీ కడిగించుకుని దండ వేయించుకోవాల్సిందే. షాపు ముందు వరసగా బళ్ళు నిలబడ్డాయి.

కారు కడిగేశాక కూడా రంగు మీద కంటికి కనపడని గరుకు మిగిలిపోతుంది. రైల్వే ఊరు కదా, గాలిలో ఇనప రజను ఎక్కువ. దాన్ని లాగడానికి క్లే అని మెత్తటి ముద్ద ఒకటుంది. సబ్బునీళ్ళు చల్లుతూ దానితో నెమ్మదిగా రుద్దితే రజనంతా అది పట్టేసుకుంటుంది. ఆ తర్వాత మైనం పట్టిస్తే మెరుపు నిలుస్తుంది. దీనికి ఒకే నియమం. ముద్ద కింద పడితే పారెయ్యాలి. కడిగినా ఇసుక పోదు.

నా చేతిలోది జారి కింద పడింది. మా ఎర్రమట్టిలో. తీసి, నీళ్ళలో జాడించి, మళ్ళీ రుద్దాను. అదే ఆఖరి ముక్క, ఇంకేం చెయ్యను అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. అరలో ఇంకొకటి ఉంది. నాలుగడుగులు వేసి తెచ్చుకోలేదు, అంతే. పైగా కారు పక్కన నిలబడి, చెయ్యి చాపి, బానెట్ మీద అడ్డంగా రుద్దాను.

ఎండలోకి తీస్తే కనపడ్డాయి. సన్నటి గీతలు, బానెట్ నిండా. కొత్త షాపు. మావయ్య మాట మీద వచ్చిన కారు. మైనం దట్టంగా పట్టించాను. గీతల్లో మైనం నిండి అవి మాయమైపోయాయి. దాదా వచ్చి చూసి నా భుజం తట్టాడు. ఆ మైనం ఎన్నాళ్ళుంటుందో నాకు తెలుసు. నాలుగు వానలు. ఆ నెలలో రేకుల మీద చినుకు పడితే చాలు, బయటకొచ్చి ఆకాశం చూసేవాణ్ణి; ఆ భయం ఇప్పటికీ పోలేదు.

దీపావళి నాటి కాళీ పూజ వెళ్ళేసరికి గీతలు తేలాయి. అప్పటికి నాలుగైదు ఆదివారాలు మావయ్య తుడిచి ఉన్నారు. దాదా మంచివాడే, కేకలు వెయ్యలేదు. కాకా, మీ చూపు తగ్గింది, ఇంక విశ్రాంతి తీసుకోండి అన్నాడు. మావయ్య ఒప్పుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని ఆ ఇంటికి తీసుకెళ్ళారు. బానెట్ మీద గోటితో తడిమారు. కళ్ళు చికిలించారు. ఆయన కళ్ళలో అప్పటికే శుక్లాలు మొదలయ్యాయి.

"ఒరే, నాకు సరీగా ఆనట్లేదు. నువ్వు సూసి సెప్పు. గీతలు పొడుగున్నాయా, అడ్డంగున్నాయా?"

ఆయన చెయ్యి యాభై ఏళ్ళుగా అడ్డంగా పోలేదు. అడ్డం అని నేనంటే చాలు, ఆ చెయ్యి ఎవరిదో ఆయనకి తెలిసిపోతుంది. దాదా అక్కడే నిలబడి నన్నే చూస్తున్నాడు.

"పొడుగునే ఉన్నాయి మావా."

"బాగా సూసినావా?"

"సూసినాను."

"అయితే నా సెయ్యే," అన్నారు. దాదాకి దండం పెట్టారు. ఆ తర్వాత ఇంట్లో కిటికీ అద్దం తుడవమన్నా ఆయన గుడ్డ పట్టుకోలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? నేనూ ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఇంతవరకూ చెప్పి అసలుది దాచుకుంటే, ఇది కూడా ఆ మైనం పనే అవుతుంది.

ఆ కారు ఖరిదాలోనే ఉంది. దాదా దానికి మళ్ళీ రంగు వేయించలేదు. మావయ్య కళ్ళకు ఆపరేషన్ చేయించాలని అత్తయ్య అన్నప్పుడల్లా నాకు ఒకటే భయం. చూపొస్తే, ఏదో ఒక రోజు ఆ కారు ఎదురైతే? ఇప్పుడెందుకు మావా, ఎండలు తగ్గనీ అన్నాను. శుక్లం బాగా ముదిరాకే తీస్తారట అన్నాను. ఇంట్లో అందరికంటే నా మాటే ఆయనకి గురి. ఆగారు. అలా మూడేళ్ళు ఆపాను. ఆయన మేలు కోరే చెబుతున్నానని నన్ను నేను ఎంత బాగా నమ్మించుకున్నానో! చివరికి ఒక రోజు ఎడమకన్ను ఎర్రబడి, తలనొప్పితో వాంతులయ్యాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే, శుక్లం ముదిరిపోయి కంట్లో ఒత్తిడి పెరిగింది, నరం చచ్చిపోయింది, ఈ కన్ను ఇంక రాదు అన్నారు డాక్టరు. ఇన్నాళ్ళు ఎందుకు ఆగారని కోప్పడ్డారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మావయ్య నా పేరు చెప్పలేదు. తనదే బద్ధకం అన్నారు.

కుడికంటికి వెంటనే ఆపరేషన్ చేశారు. ఆ కన్ను బాగానే ఆనుతోంది. రోజూ సాయంత్రం నడుచుకుంటూ నా షాపుకొచ్చి కూర్చుంటారు. వచ్చిన ప్రతిసారీ ఈ రోజే అడుగుతారేమోనని గుడ్డ తీసుకుని ఏదో ఒక బండి దగ్గరకు పోతాను. ఆయన ఆ కారు ఊసే ఎత్తరు. ఆయన ఇల్లున్న న్యూ సెటిల్‌మెంట్ నుంచి నా షాపుకి రావడానికి దగ్గర దారి ఆ దాదా వీధిలోంచే. ఆయన చుట్టూ తిరిగి వస్తారు. ఎందుకని మొన్న అత్తయ్య అడిగితే, ఆ బండి కనిపిస్తే సిగ్గేస్తది అన్నారట.

ఆ సిగ్గు నాది. గీతలు నావి. ఆగమన్నది నేను. ఈ మూడు మాటలూ ఇవాళే మొదటిసారి రాశాను, ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆయనకి మాత్రం ఇంకా చెప్పలేదు. ఐదవుతోంది, వచ్చే వేళయింది.