రెండు బండ్లు, ఒక గంగాళం

మా ఇంట్లో చెప్పుకునే కథ ప్రకారం, బంగారం లాంటి పెద్ద బండిని రంగు బాగాలేదని నేను కాదన్నానట. తడ దాకా పోయి శవాల బండి లాంటి పొడుగు కారుకు అడ్వాన్సు ఇచ్చి వచ్చినానట. మా ఆయన ఈ కథను పెండ్లి పందిళ్ళలో కూడా చెబుతున్నాడు. విన్నవాళ్ళు నవ్వుతున్నారు. నవ్వినవాళ్ళంతా ఇది కూడా చదవండి. ఆ రోజు బస్సుల్లో నలిగింది నేను, ఆయన కాదు.

మాది తిరుపతి. నేనూ మా ఆయన అక్క రాజమ్మ వదినా కలిసి పెండ్లిళ్ళకూ గృహప్రవేశాలకూ వంటలు చేసి పంపిస్తాం. భర్త పోయినాక వదిన మా ఇంటికి వచ్చింది గానీ, ఆమె తినేది ఆమె కష్టార్జితమే. పోయిన ముహూర్తాల్లో గంగాళాన్ని ట్రాలీ ఆటోలోకి ఎత్తుతూ జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. విరిగిన ఎముకలకు కట్లు కట్టే పుత్తూరు పోయి కట్టు కట్టించుకుంది. ఇంకో పెండ్లి వంట ఒప్పుకున్నామని గడువు కాకముందే ఆ కట్టు తనే విప్పేసింది. ఎముక సరిగ్గా అతకలేదు.

ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. తమ్ముడికి తెలిస్తే ఇంక ఇంట్లో కూర్చోమంటాడని వదిన భయం. అందుకని నన్ను కాణిపాకం వినాయకుడి గుడికి పిలుచుకుపోయి, చెప్పనని ఒట్టు వేయించుకుంది. కాణిపాకంలో వేసిన ఒట్టు తప్పే ధైర్యం మా చిత్తూరు వైపు ఎవరికుంది? నేను ఎమ్మే చదివినా సరే, నాకు లేదు.

ఇక బండ్ల సంగతి. ఆటోలు మానేసి సొంత బండి కొందామనుకున్నాం. మా ఆయన నాయుడుపేటలో ఒక ఎస్‌యూవీ చూసిపెట్టినాడు. పెట్రోలుతోనూ నడుస్తుంది, రాత్రి ప్లగ్గు పెడితే కరెంటుతోనూ నడుస్తుంది. నేను కనుక్కున్నది తడ దగ్గర ఒక ఎస్టేటు కారు. ముందు మామూలు కారే, వెనక మాత్రం సామాన్లకు మంచమంత చోటు. అదీ హైబ్రిడ్డే, కానీ ప్లగ్గు అక్కర్లేదు, బ్రేకు వేసినప్పుడల్లా తనే ఛార్జి ఎక్కించుకుంటుంది. రెండూ ఒకరు వాడినవే. మేముండేది అద్దె ఇంట్లో, రెండో అంతస్తు. కింద బండి పెట్టుకోనిస్తారు, ప్లగ్గు పెట్టుకోనివ్వరు. ఇది నేను పైకి చెప్పిన కారణం. లోపలి కారణం వదిన మణికట్టు. ఎస్‌యూవీ డిక్కీ నడుం పైదాకా ఉంటుంది, ఎస్టేటుది మోకాలి దగ్గరే.

పొద్దున ఆరున్నరకు తిరుపతి బస్టాండులో నాయుడుపేట బస్సు ఎక్కినాం. నేను, వదిన, మా పెద్ద గంగాళం. బండి కొనేముందు గంగాళం పెట్టి చూడాలన్నది నా పట్టుదల. కండక్టరు దాన్ని చూసి, "ఏమ్మా, దీనికి కిటికీ పక్క సీటు కావాల్నా?" అన్నాడు.

"అవసరం లేదు నాయనా, దానికి గాలి పడదు" అంది వదిన.

లగేజీ టికెట్టు కొట్టినాడు. శ్రీకాళహస్తి దాటినాక సీట్లు ఖాళీ అయినాయి. ఎనిమిదిన్నరకు నాయుడుపేటలో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. చట్నీ పల్చన, వదిన మొహం చిట్లించింది. వంటవాళ్ళతో ప్రయాణం చేస్తే ఇదే తంటా.

పాత కార్లు అమ్మే యార్డు హైవే పక్కనే. ఎస్‌యూవీ తెల్లగా, ఏనుగులా నిలబడి ఉంది. మేనేజరు గేటు వైపు చూస్తూ, "సార్ రాలేదా మేడం?" అన్నాడు.

"సార్‌కు గంగాళం ఎత్తడం రాదు. ఎత్తేవాళ్ళమే వచ్చినాం. ప్లగ్గు పెట్టకుండా నడిపితే ఇది లీటరుకు ఎంత ఇస్తుంది?"

"ప్లగ్గు ఎందుకు పెట్టరు మేడం?"

"ప్లగ్గు లేదు గనక."

"మైలేజీ సంగతి సార్‌తో మాట్లాడతాం మేడం."

నేను మళ్ళీ అడిగినాను. ఆయన సీట్ల తోలు గొప్పతనం చెప్పినాడు. ఇంకోసారి అడిగితే పైకప్పు తెరిచి ఆకాశం చూపించినాడు. నేను కార్లు కడిగే పైపు తీసుకుని గంగాళంలో సగానికి నీళ్ళు పట్టినాను. "సాంబారు అనుకోండి" అన్నాను. చెరొక చెవి పట్టుకుని ఎత్తినాం. ఎత్తలేక వదిన ఇక్కడ ఆగిపోతుంది, అది చూపించి ఈ బండి వద్దందామని నా లెక్క. ఆమె పెదవి కొరుక్కుని ఎత్తేసింది. నీళ్ళు తొణికి డిక్కీ కార్పెట్టు మీద పడినాయి. మేనేజరు గుడ్డ కోసం పరుగెత్తినాడు.

"సూసినావా, ఎత్తేసినాను. నా తమ్ముడు చెప్పిన బండే బాగుండాది. ఇదే తీసుకుందాం" అంది వదిన.

తడ బండి కూడా చూసినాకే అని నేను గంగాళం ఖాళీ చేసినాను.

పదకొండు గంటలకు తడ పోయే బస్సు దొరికింది. సూళ్ళూరుపేట దగ్గర నేను వేరుశెనక్కాయల పొట్లం కొని వదిన చేతికిచ్చినాను. పళ్ళతో చింపింది. కుడి చెయ్యి కొంగు కింద దాచుకుంది.

"ఇట్టివ్వు ఆ చెయ్యి."

"దానికేం కాలేదు."

లాగి చూస్తే మణికట్టు పూరీలా పొంగి ఉంది. "ఎందుకు ఎత్తినావు వదినా?"

"నా చేతి కోసరం వాడి ముచ్చట కాదనాల్నా? ఆ పొడుగు బండి తోలితే ఊరంతా వాణ్ణి ఎగతాళి చేస్తాది."

"తోలేది నేను. ఆయనకు లైసెన్సే లేదు."

వదిన కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

తడలో ఆటో మాట్లాడుకుని ఫ్యాక్టరీల వైపు కాలనీకి చేరేసరికి ఒంటిగంట దాటింది. ఆ కారు ఒక జపాన్ ఇంజనీరుది. ఉద్యోగం ముగించుకుని దేశం వెళ్ళిపోతున్నాడు. మాతో మాట్లాడింది ఆయన డ్రైవరు సెల్వం, తమిళనాడు సరిహద్దు అవతలి మనిషి.

"ఇది సూస్తే ఆస్పత్రి బండి మాదిరి ఉండాదే" అంది వదిన వినబడేలా.

"అట్లనే అంటారమ్మా. సార్ దీంట్లోనే పులికాట్ చెరువుకు పోయి పక్షులు చూస్తారు. కెమెరాలు, స్టాండ్లు, అంతా వెనకాల పెట్టేది. సార్‌కు నడుం నొప్పి, ఎత్తు బండి వద్దన్నారు" అన్నాడు సెల్వం.

మైలేజీ అడిగితే ఊళ్ళో ఒక అంకె, హైవేలో ఒక అంకె చెప్పినాడు. ఆలోచించలేదు, మీ సార్‌ని రమ్మనండని అనలేదు. నేను గంగాళంలో నీళ్ళు పడుతుంటే ఇంజనీరు లోపలికి పోయి తువ్వాలు తెచ్చి డిక్కీలో పరిచినాడు. గంగాళం ఒక పక్కను నేనే మోకాలి ఎత్తుకు లేపి, డిక్కీ అంచు మీద ఆనించినాను, ఇద్దరం తోసినాం. చుక్క తొణకలేదు. వదిన ఎడమ చెయ్యే వాడింది, అదీ తోయడానికి. తోసినాక కాసేపు గంగాళం మీద చెయ్యి తియ్యలేదు.

వదినను అడగకుండానే అడ్వాన్సు ఇచ్చేసినాను.

అప్పుడే మా ఆయన ఫోను. తడ బండికి అడ్వాన్సు ఇచ్చినానని చెప్పినాను. "ప్లగ్గు సంగతి పక్కన పెట్టు, నాయుడుపేట బండికి ఇంకేం తక్కువ?" అన్నాడు. వదిన నా మొహం చూస్తూ ఉంది. కాణిపాకం గుర్తొచ్చింది. నోటికి ఏది వస్తే అది అన్నాను: "రంగు బాగాలేదు."

అదీ రంగు కథ పుట్టిన చోటు.

తిరుగు ప్రయాణం వేరే దారిలో, సత్యవేడు మీదుగా పుత్తూరుకు, అక్కడ బస్సు మారి తిరుపతికి. మీరు పోతే సాయంత్రం ఆ దారే పట్టండి, నాగలాపురం దాటినాక కొండల మీద ఎండ బాగుంటుంది. పుత్తూరులో మోచేతి దాకా కొత్త కట్టుతో ఒక నడివయసాయన ఎక్కి మా పక్క సీట్లో కూర్చున్నాడు. వదిన ఎడమ చేత్తో గంగాళం పట్టుకోవడం చూసి, "నీదీ ఇరిగిందా అక్కా?" అన్నాడు.

"ఇరిగింది. కట్టు ముందే ఇప్పేసినాను, సరిగా అతకలే."

"అయ్యో. ఇంట్లోవాళ్ళు ఏమనలేదా?"

వదిన వడమాలపేట వచ్చేదాకా ఆ కట్టు వంకే చూస్తూ కూర్చుంది. తర్వాత, "సుజాతా, ఫోను ఇట్టివ్వు" అంది.

"అబ్బయ్యా, రంగు కాదు రా. నా చెయ్యి. అది అతకలేదు, నీకు చెప్పొద్దని సుజాత దగ్గర ఒట్టు తీసుకున్నాను." అవతల ఆయన చాలాసేపు మాట్లాడినాడు. "కూర్చోను. కూర్చునేదానికి కాదు ఈ బండి. దీంట్లో నేను ఎత్తే పనే లేదు, తోసేదే" అని ఫోను నాకిచ్చేసింది. "నీ ఒట్టు తీరిపోయింది. ఇంక ఎవరికైనా చెప్పుకో."

అందుకే చెబుతున్నాను. బండి వచ్చింది. వదిన ముందు సీట్లో కూర్చుని వంటలకు వస్తోంది. నాయుడుపేటలో నేను అడిగిన మైలేజీ ప్రశ్నకు ఇంతవరకు జవాబు రాలేదు, అది పోనీయండి.

నిజం తెలిసినాక కూడా మా ఆయన రంగు కథే ఎందుకు చెబుతాడో నాకు తెలుసు. అసలు కథ చెబితే వినేవాళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు. వాళ్ళదాకా ఎందుకు, నేనే అడుగుతున్నాను. ఎడమ చేత్తో వడ్డించడం తప్పని చిన్నప్పుడు ఆయనకు నేర్పిన అక్క, నెలల తరబడి ఎడమ చేత్తోనే ఆయనకు అన్నం వడ్డించింది. రోజూ ఆ కంచం ముందు కూర్చున్న మనిషికి అది కనబడలేదా?