కుదపని సీసా

మా మేనత్త పోయిందని కర్నూలు ఆసుపత్రి నుంచి అన్న ఫోను చేసేసరికి నేను ఎమ్మిగనూరులో ఆమె ఇంట్లోనే ఉన్నాను. ముందుగదిలో చతికిలబడి బకెట్టు నీళ్లలో ఉప్పు కలుపుతున్నాను. "అత్త పాయ మే. ఇప్పుడే. ప్రశాంతంగా పాయ," అన్నాడు. ఏడవాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. ఆ మాట అప్పటి నుంచి నన్ను వదల్లేదు. సమాధి దగ్గర పాస్టరు గారు అదే అన్నారు. ఆదరణ కూడికలో చుట్టాలు అదే అన్నారు. నన్ను నాలుగు మాటలు చెప్పమంటే మైకు పట్టుకుని నేనూ అదే అన్నాను. ఇప్పుడిది రాయడానికి కూర్చున్నది ఆ మాట వెనక్కి తీసుకోవడానికే. మా అత్త ప్రశాంతంగా పోలేదు. నిజం చెప్పమని అడిగి అడిగి, ఎవరూ చెప్పకపోతే అడగడం మానేసి పోయింది. చెప్పనివాళ్లలో నేనూ ఉన్నాను.

మా తాత గోనెగండ్లలో కూలికి పోయేవాడు. ఆయన ఐదుగురు పిల్లల్లో చదువుకున్నది ఈమె ఒక్కతే, అదీ నర్సు చదువు. ఎర్రసముద్రం ఒడ్డున ఒక ఊరి ఆసుపత్రిలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసింది. సెలవునాడు మోకాలి లోతు నీళ్లలో నిలబడితే కాళ్ల కింద పగడాలు కనిపించేవని చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు, "తీరల్యా" అనేది. తిరిగొచ్చేటప్పుడు బంగారం తెస్తుందని అందరూ కాచుకుని ఉన్నారు. ఆమె వచ్చి ముందుగదిలో రెండడుగుల గాజుతొట్టి పెట్టింది. అందులో సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లు, బెంగళూరు నుంచి తెప్పించిన రాళ్లు, ఆ రాళ్లకు అంటుకున్న పగడాలు, నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న చేపలు రెండు.

ఎండాకాలం కుళాయి దగ్గర బిందెలు వరసపెట్టే వీధి అది. ఎదురింటామె వచ్చి తొట్టి చుట్టూ తిరిగి చూసి, "తాగనీకి గాదు, ఉతకనీకి గాదు, ఈ ఉప్పునీళ్లతో ఏం జేసుకుంటావక్కా?" అని అడిగింది. "సూస్కుంటా," అంది మా అత్త. అంతకు మించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు.

నేను ఆదోనిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. నైట్రేటు అనే మాట పదిహేనేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. దాన్ని కళ్లతో చూసింది మాత్రం ఆ తొట్టి దగ్గరే. చేపలు తింటాయి, విసర్జిస్తాయి. తినకుండా వదిలేసింది రాళ్ల సందుల్లో కుళ్లుతుంది. అదంతా మారి మారి చివరకు నైట్రేటుగా నీళ్లలో మిగిలిపోతుంది. నీళ్లు మాత్రం తేటగానే కనిపిస్తాయి. చేపలు కొన్నాళ్లు ఓర్చుకుంటాయి. పగడాలు ఓర్చుకోలేవు, ముడుచుకుపోతాయి.

మొదటి ఏడాది ఆమె తొట్టిలో అదే జరిగింది. ఎవరైనా ఐతే విసుగొచ్చి తొట్టి తీసేసేవాళ్లు. ఈమె రోగిని పట్టుకున్నట్టు పట్టుకుంది. చేపలకు తిండి సగానికి సగం తగ్గించింది. ఐసుగడ్డలా వచ్చే రొయ్యల తిండిని కరిగాక టీ వడకట్టే జాలీలో కడిగి, ఆ మురికినీళ్లు పారబోసి, మిగిలింది మాత్రమే వేసేది. తొట్టి నీళ్లు వడకట్టే స్పాంజీ వారానికోసారి పిండేది. తొట్టి వెనక అరలో ఒక దీపం పెట్టి నాచు పెంచింది. ఆ నాచు నైట్రేటు తిని పెరుగుతుంది, పెరిగినంత పీకి పారేస్తే దాంతోపాటు నైట్రేటూ పోతుంది. ఆదివారం ఆదివారం ఒక్క బకెట్టు నీళ్లు తీసి ఒక్క బకెట్టు కొత్తవి పోసేది. నాకు తొందరెక్కువ. "రెండు బకెట్లు మారిస్తే బిరీన తగ్గుతాది గదా అత్తా?" అన్నానొకసారి. "మెల్లగ ఎక్కినాది, మెల్లగనే దింపల్ల. ఒక్కపారి దించితే మనిషైనా తట్టుకోడు," అంది.

చర్చి నుంచి రాగానే, చీర కూడా మార్చుకోకుండా, కళ్లజోడు పెట్టుకుని టెస్టుకు కూర్చునేది. చిన్న గాజుగొట్టంలో తొట్టి నీళ్లు, మొదటి సీసా నుంచి పది చుక్కలు, రెండో సీసా నుంచి పది చుక్కలు. ఐదు నిమిషాలాగి, వచ్చిన రంగు ఏ నెంబరో రంగుల కార్డు పక్కన పెట్టి చూడాలి. పసుపు వస్తే నైట్రేటు లేనట్టు, నారింజ వస్తే ఉన్నట్టు, ఎరుపు వస్తే కొంప మునిగినట్టు. రెండో సీసా అడుగున మందు పేరుకుని ఉంటుంది. దాన్ని బాగా కుదిపితేనే టెస్టు పనిచేస్తుంది. కుదపకపోతే ఎంత పాడునీళ్లకైనా పసుపే వస్తుంది. ఆ సీసా కుదిపేటప్పుడు అత్త మోచేతి దాకా గాజులు మోగేవి. నాకు నేర్పిన మొదటిరోజే అంది, "మే, ఈ సీసా కుదపకుంటే అది అబద్ధం సెప్తాది. దాని తప్పు గాదు, మన తప్పు."

ఆ టెస్టుతోనే ఒకరోజు వీధి బోరునీళ్లు కూడా చూసింది. ఎర్రగా వచ్చింది. చేలల్లో వేసిన ఎరువులు, ఇళ్ల వెనక మరుగుదొడ్ల గుంతలు, అన్నీ ఆ నీళ్లలోకే దిగుతున్నాయి. అప్పటి నుంచి తొట్టికి వేరే మంచినీళ్లు తెప్పించుకుని, వాటినీ టెస్టు చేశాకే వాడుకుంది. అంతటితో ఊరుకుంటే ఆమె మా అత్త ఎందుకవుతుంది? గొట్టం చేత్తో పట్టుకుని ఎదురింటికి పోయింది. ఆ ఇంటి కోడలు చంటిబిడ్డకు పాలపొడి బోరునీళ్లలోనే కలుపుతుంది.

"ఈ నీళ్లు బిడ్డకు పొయ్యొద్దమ్మా. ఒళ్లు నీలమైతాది."

"కాసి పోస్తాండాము గదక్కా!" అంది ఎదురింటామె, కోడలికి సందివ్వకుండా.

"కాస్తే పురుగు సస్తాది. ఇది సావదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంగా సిక్కనైతాది."

"మా బిడ్డ నీలుగుతాండాదా, ఏమన్న అయ్యిందా? మంచిమాట అనకుండా ఇదేం మాట!"

రెండు నెలలు ఆ ఇంటివాళ్లు ఆమెతో మాట్లాడలేదు. కోడలు మాత్రం చడీ చప్పుడు లేకుండా నీళ్లు మార్చింది. "మాట్లాడకపోతే పోనీ. ఉన్న నెంబరు ఉన్నట్టు సెప్పల్ల. ఇంటారా ఇనరా అనేది వాళ్ల ఇష్టం," అంది మా అత్త. వార్డులో కూడా రోగులకు ఇంతేనట. డాక్టర్లు దాటేసిన మాట కూడా ఈమె మంచం పక్కన కూర్చుని చెప్పేసేదట.

అలాంటి మనిషికి గుండె దెబ్బతింటే మేం ఏం చేశామో చూడండి. కర్నూలులో చేర్పించాం. గుండె సగం కూడా పని చేయడం లేదని డాక్టరు అన్నతో వరండాలో చెప్పాడు. రిపోర్టులు అన్న బ్యాగులోకి పోయాయి. మంచం పక్కనున్న మానిటరును, "ఆమె నర్సు, అంకెలు చూస్తే బెదుర్కుంటాది," అని చెప్పి గోడవైపు తిప్పించాడు. ఆమె రోజూ అడిగేది, "బీపీ ఎంతుండాదిరా?" "అంతా నార్మలత్తా," అనేవాడు అన్న. ఆయన చెడ్డవాడు కాడు. మా ఇళ్లల్లో ఇది ప్రేమ. జబ్బు మనిషికి తప్ప తక్కిన అందరికీ జబ్బు సంగతి తెలియడమే మా మర్యాద. ఆమె అన్న ముఖం చూసి ఊరుకునేది. మా అబద్ధాలు కనిపెట్టడానికి ఆమెకు రిపోర్టు అక్కర్లేదు.

తొట్టిని నాకప్పగించింది. రోజుకు చిటికెడు తిండి, ఆదివారం టెస్టు, ఒక్క బకెట్టు. అంతే. నేను బడికి సెలవు పెట్టి ఎమ్మిగనూరులో ఉన్నాను. పరామర్శకు వచ్చేవాళ్లంతా ఆ ఇంటికే వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లకు బొరుగులు, టీ. టీ తాగుతూ తొట్టి వైపు చూసేవాళ్లు. "పాపం, నోరులేని జీవాలు. అక్క ఇంట్లో లేకపాయె, ఎవరు పెడ్తారో ఏమో," అని పళ్లెంలోంచి గుప్పెడు బొరుగులు తీసి నీళ్లలో వేసేవాళ్లు. చెరువు గట్టున చేపలకు వేసినట్టే. ప్రార్థన చేయడానికి వచ్చిన ఆడవాళ్లు ఒకరి తరువాత ఒకరు వేశారు. మంచం మీదున్న మనిషికి పుణ్యం తగులుతుందని మా పెద్దమ్మ రెండుసార్లు వేసింది. బొరుగులు కాసేపు తేలి, నాని, రాళ్ల సందుల్లోకి దిగేవి. నేను పక్కనే నిలబడి చూశాను. పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని "వద్దు" అనే ధైర్యం నాకు లేదు. ఎదురింటికి గొట్టం పట్టుకుని పోయిన మనిషికి మేనకోడల్ని నేను, కనీసం బొరుగుల పళ్లెమైనా పక్కకు జరపలేదు. వాళ్లు పోయాక చెయ్యి పెట్టి దేవుకుందామనుకున్నాను. దేవింది కొంచెం, దిగిపోయింది ఎక్కువ.

ఆదివారం పొద్దున టెస్టు చేశాను. గొట్టంలో నీళ్లు దానిమ్మ రసంలా వచ్చాయి. రంగుల కార్డు మీద అంతకంటే ఎర్రటి గడి లేదు. పగడాలు అప్పటికే సగం ముడుచుకున్నాయి. పది గంటలకు అత్త ఫోను. గొంతు సన్నబడింది.

"ఎంతొచ్చినాదిమే?"

"పది లోపలే అత్తా. బాగుండాది."

"ఫోటో పంపు."

ఫోను పెట్టేశాను. పది నిమిషాలు కూర్చుని ఆలోచించాను. నిజం చెబితే ఆమె ఏం చేయాలో చెప్పేది, తిండి ఆపమనేది, స్పాంజీ మార్చమనేది, అది నాకు తెలుసు. కానీ గుండె జబ్బు మనిషిని ఇంత చిన్నదానికి కంగారు పెట్టడమా అనుకున్నాను. అన్న అనుకున్నదే నేనూ అనుకున్నాను. మళ్లీ గొట్టం కడిగి, తొట్టి నీళ్లు తీసుకుని, మొదటి సీసా చుక్కలు వేశాను. రెండో సీసా కుదపకుండా వేశాను. నారింజ చాయే లేని పసుపు రంగు వచ్చింది. కార్డు పక్కన పెట్టి ఫోటో తీసి పంపాను.

కాసేపటికి ఆమే చేసింది.

"సీసా కుదిపితివా?"

"కుదిపినాను అత్తా."

అటునుంచి ఆసుపత్రి చప్పుళ్లు వినిపిస్తున్నాయి. "నువ్వు గూడానా మే," అని పెట్టేసింది.

ఆ సాయంత్రం నేను ఇంకా పెద్ద తెలివితక్కువ పని చేశాను. సిగ్గు తట్టుకోలేక నాలుగు బకెట్ల నీళ్లు ఒక్కసారే మార్చేశాను. తెల్లారేసరికి పగడాలు జారి జిగురైపోయాయి. చేపలు రెండూ బతికే ఉన్నాయి. ఇప్పుడు ఆ తొట్టిలో ఉన్నవి అవీ, ఉత్త రాళ్లూ. చుట్టాలు చూసి "అక్కతోపాటే పోయినాయి, ఎంత ప్రేమో" అంటున్నారు. అక్కతోపాటు పోలేదు. నా చేతుల్లో పోయాయి. అందులో ప్రేమేమీ లేదు.

ఆమె ఇంకా ఉండగానే, ఆ మంగళవారం మధ్యాహ్నం కర్నూలుకు పోయొచ్చాను. బస్సులో దారిపొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. బొరుగులు, ఎరుపు, సీసా, నాలుగు బకెట్లు, అన్నీ వరసగా చెప్పేద్దామనుకున్నాను. అన్న మందులకు కిందికి పోయాడు. గదిలో మేమిద్దరమే. ఆమె నన్ను చూసి కుర్చీ వైపు కళ్లతో చూపింది. తొట్టి ఊసెత్తలేదు. ఎంతొచ్చిందని అడగలేదు. అడిగితే చెబుదామని కూర్చున్నాను. అడక్కుండా చెప్పడానికి నోరు రాలేదు. మానిటరు గోడకు మొహం పెట్టి కూతలు పెడుతోంది. లేచి ఇటు తిప్పడానికి నాకు రెండడుగులు పట్టేది. అన్న వస్తాడేమోనని తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు ఆమె కుడిచేతి రెండు వేళ్లు తీసి ఎడమ మణికట్టు మీద, బొటనవేలి కింద ఆనించుకుంది. తల కొంచెం తిప్పి తలుపు మీదున్న గోడగడియారం వైపు చూసింది. పెదవులు సన్నగా కదులుతున్నాయి. సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తయ్యేదాకా కళ్లు తిప్పలేదు. మధ్యలో ఒకసారి కనుబొమలు ముడిపడ్డాయి, మళ్లీ సర్దుకున్నాయి. వేళ్లు తీసి చెయ్యి దుప్పట్లోకి పెట్టుకుంది.

"ఎంతుండాది అత్తా?" అన్నాను.

నా మొహంలోకి సూటిగా చూసింది.

"బాగుండాదిలే మే," అంది.